ఎనిమిదో ఏట ఊరు దాటిన పిల్లాడు

సెప్టెంబరు అయిదు దగ్గరపడితే మా తిరుత్తణి పేరు దేశమంతా ఒకసారి వినిపిస్తుంది, సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరని. ఆయన రాష్ట్రపతి అయిన 1962 నుంచీ ఆ రోజు ఉపాధ్యాయ దినోత్సవం. బడుల్లో పటానికి దండ వేస్తాం, ఉపన్యాసాలు చెప్తాం. బడిపంతులుగా పనిచేసినవాణ్ణి కాబట్టి అలాంటివి చాలా విన్నాను, కొన్ని నేనే చెప్పాను. ఆ ఉపన్యాసాల్లో రాధాకృష్ణన్ గారు తలపాగాతో, కళ్లద్దాలతో పుట్టినట్టే ఉంటుంది. ఈ పూట ఆ పెద్దమనిషి సంగతి కాసేపు పక్కన పెడతాను. 1896లో తిరుత్తణి వదిలి తిరుపతి మిషన్ బడికి పోయిన ఎనిమిదేళ్ల పిల్లాడి గురించి మాట్లాడతాను. అలాంటి పిల్లల గురించి, వాళ్ల నాన్నల గురించి, నాన్న లేని చోట వచ్చి నిలబడే మనుషుల గురించి.

ఆ పిల్లాడి తండ్రి వీరాస్వామి ఒక జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మ. లేమి ఉన్న ఇల్లు. ఆ లేమి గురించి ఊళ్లో కథలు చాలా తిరుగుతాయి, కొన్ని పుస్తకాల్లోకి కూడా ఎక్కాయి. అవన్నీ నమ్మనక్కర్లేదు, ఉన్న సంగతులే చాలు. ఈ కథలో తండ్రి చనిపోలేదు, ఇల్లు విడిచి పోలేదు. పోయింది కొడుకు. తిరుపతిలో జర్మన్ లూథరన్ మిషన్ వాళ్ల బడి. 1900లో వేలూరు, అక్కడ ఊరీస్ కాలేజీ. 1904లో మద్రాసు క్రైస్తవ కళాశాల. మధ్యలో 1903లో, వేలూరులో ఉండగానే, పెళ్లి. అంటే పిల్లవాడు కుర్రవాడై, కుర్రవాడు మగవాడయ్యే కాలమంతా ఉపకారవేతనాల మీద గడిచింది. రోజూ కంటికి కనిపించిన పెద్దవాళ్లు అయ్యవార్లు, పాదిరీలు. తండ్రి ఉన్నాడు, కానీ ఆయన ఊళ్లో ఉన్నాడు. చదువు పేరు చెప్పి పిల్లలను హాస్టళ్లకు పంపే ఇళ్లలో ఈనాటికీ ఇదే జరుగుతోంది. దాన్ని మనం తండ్రి లేకపోవడం కింద లెక్కవేయం. పిల్లాడి లెక్క వేరుగా ఉండొచ్చు.

తత్వశాస్త్రం రాధాకృష్ణన్ ఏరికోరి పట్టుకున్న చదువు కాదు. చుట్టాల్లో ఒకాయన అదే కాలేజీలో చదివి పట్టా పుచ్చుకుని, తన పాత పుస్తకాలు ఈ కుర్రాడికి ఇచ్చాడు. అవి తత్వశాస్త్రం పుస్తకాలు. కొనే ఖర్చు తప్పింది. దాంతో ఆ చదువే ఖాయమైంది. ఆ చుట్టం లెక్కలు చదివి ఉంటే ఈ దేశానికి రాష్ట్రపతిగా ఎవరు వచ్చి ఉండేవారో! నవ్వులాటకు అనడం లేదు. లేమిలో పెరిగే పిల్లవాడికి దారి అనేది ఇలాగే తేలుతుంది. ఏది ఇష్టం అన్న ప్రశ్న ఆ ఇంటి గుమ్మం దాకా రాదు. ఏది దొరికింది అన్నదే ప్రశ్న. ఆ చుట్టం హితబోధ చేసినట్టు గానీ, భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెప్పినట్టు గానీ ఎక్కడా లేదు. తనకు అవసరం తీరిన పుస్తకాలను అవసరం ఉన్నవాడికి, అవసరమైన నెలలో అందించాడు. నన్నడిగితే, ఆయన పేరు కూడా సెప్టెంబరు అయిదున ఒకసారి తలుచుకోవాలి.

ఇక గురువుల సంగతి. కాలేజీలో విలియం స్కిన్నర్, ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్ అని ఇద్దరు తత్వశాస్త్రం చెప్పారు. వాళ్లు క్రైస్తవ మిషన్ మనుషులు. హిందువుల వేదాంతంలో నీతికి చోటు లేదు, ప్రపంచమే మిథ్య అన్నాక మంచిచెడ్డలు ఎక్కడివి అనే వాదన ఆ రోజుల్లో మిషన్ విద్యాలయాల్లో గట్టిగా వినిపించేది. తిరుత్తణి కుర్రాడికి అది గుచ్చుకుంది. ఎం.ఏ. పరీక్షకు వ్యాసం రాయవలసి వస్తే, వేదాంతంలోని నీతిశాస్త్రం మీదే రాశాడు. 1908లో అది అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. తమ వైపు వాదనకే ఎదురు రాశాడని ఆ గురువులు కోపగించుకోవచ్చు. హాగ్ అలా చేయలేదు. ఆ వ్యాసాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం రాసి ఇచ్చాడు. మరుసటి ఏడు, 1909లో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం దొరికింది.

ఇక్కడ కొంచెం ఆగాలనిపిస్తుంది. దారి చూపే పెద్దమనిషి అంటే మనకు ఒక బొమ్మ ఉంది. ప్రేమగా మాట్లాడేవాడు, మన మాటకు తలూపేవాడు, మనవాడు. హాగ్ మనవాడు కాడు. కుర్రాడి పౌరుషాన్ని రేపినవాడు. రేపి, దాన్ని రచ్చబండ తగవుగా పోనివ్వకుండా, కాగితం మీద తర్కంగా రాయించి, రాసినదాన్ని న్యాయంగా తూచినవాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల మగపిల్లలకు కోపం తక్కువేమీ కాదు. ఆ కోపానికి పని చెప్పగల మనిషి ఊరికొక్కడు దొరికినా గొప్పే.

ఉద్యోగం వచ్చింది కదా అని లేమి వెంటనే పోలేదు. కన్నవాళ్ల భారం, సొంత సంసారం, తొలి ఏళ్లు అప్పులతోనే నడిచాయి. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1918లో మైసూరు, 1921లో కలకత్తా, 1926లో ఆక్స్‌ఫర్డులో ఉపన్యాసాలు, 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి, 1949లో రాయబారిగా మాస్కో. ఉపన్యాసాల్లో ఈ జాబితాను మెట్లు ఎక్కినట్టు చదువుతాం. దీన్ని ఇంట్లో కూర్చుని చదివిన మనిషి ఒకరున్నారు. ఆయన కొడుకు సర్వేపల్లి గోపాల్. 1923లో పుట్టాడు, పేరుమోసిన చరిత్రకారుడు, నెహ్రూ జీవితాన్ని మూడు సంపుటాలుగా రాసినవాడు. 1989లో తండ్రి జీవితచరిత్ర రాశాడు. తండ్రి ప్రతిభను ఎంత శ్రద్ధగా చెప్పాడో, ఆ ప్రతిభ వెలుగుతున్నప్పుడు ఇంట్లో తల్లి శివకాము ఏం భరించిందో కూడా దాచకుండా చెప్పాడు. కొడుకు అలా రాయవచ్చా అని అప్పట్లో నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం అది తండ్రి ఖ్యాతి కింద నలిగిపోకుండా, తండ్రిని తూలనాడకుండా, ఆయన్ని మనిషిగా చూడగలిగిన కొడుకు రాసిన పుస్తకంలా కనిపిస్తుంది. ఎనిమిదో ఏట ఇల్లు విడిచిన పిల్లవాడు పెద్దయి తండ్రి అయ్యాక ఇంట్లో ఎంతవరకు ఉండగలిగాడన్నది దేశం అడగలేదు. కొడుకు అడిగాడు.

తండ్రి నిజంగానే లేకుండా పోయిన కథ కావాలంటే ఒంగోలు వైపు పోవాలి. టంగుటూరి ప్రకాశం. 1872లో పుట్టాడు. పదకొండేళ్లకు తండ్రి గోపాలకృష్ణయ్య పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టుకుని పిల్లల్ని సాకింది. ఆనాటి బ్రాహ్మణ ఇళ్లలో అది గౌరవమైన పని కాదు. డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడమా అని ముక్కు విరిచినవాళ్లు వచ్చి ఆ అన్నమే తిని పోయారు. పరీక్ష ఫీజు మూడు రూపాయలు దొరక్క, ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టిన సంగతి ప్రకాశం గారే తన ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో రాసుకున్నాడు. పిల్లాడు మాత్రం బుద్ధిగా కూర్చుని చదివే రకం కాదు. నాటకాల పిచ్చి, ఆడవేషాలు వేసేవాడు. అల్లరి మూకలతో తిరుగుళ్లు, తగవులు.

అప్పుడు వచ్చాడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. మిషన్ బడిలో ఉపాధ్యాయుడు, తానూ నాటకాల మనిషే. ఆయన ఈ పిల్లాడిలో అల్లరిని చూసి విసుక్కోలేదు. నాటకంలోకి తీసుకున్నాడు. తాను రాజమండ్రి పోతే కుర్రాణ్ణి వెంట తీసుకుపోయాడు, పై చదువులో చేర్పించాడు, తర్వాత మద్రాసు పంపి లా చదివించాడు. కులం వేరు, చుట్టరికం లేదు. నాయుడు గారు మొదట చేసింది ఏమిటంటే, పిల్లాడికి ఇదివరకే ఇష్టమైన చోటికి తానే వెళ్లి నిలబడటం. నాటకాలు మానేస్తేనే చదివిస్తానని షరతు పెట్టి ఉంటే ప్రకాశం ఏ పాటివాడయ్యేవాడో చెప్పలేం. ఒంగోలు వీధుల్లో ఆ వయసు పిల్లాడి కోసం ఇంకా కొందరు మగవాళ్లు కాచుకుని ఉన్నారు, కర్రసాము వాళ్లు, తగవుల వాళ్లు. వాళ్లకూ ధైర్యం ఉన్న పిల్లలు కావాలి. నాయుడు గారు వాళ్లకంటే కాస్త ముందు చేరాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ప్రకాశం గారు తొలి ముఖ్యమంత్రి అయినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉంది. అంటే ఆ పూటకూళ్లమ్మ కొడుకే మాకూ ముఖ్యమంత్రి. ఈ వరసలో ఇంకో సంగతి ఉంది, తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యం వేస్తుంది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య. కర్నూలు దగ్గర పెద్దపాడులో నిరుపేద దళిత ఇంట్లో పుట్టి, పొత్తిళ్లలో ఉండగానే తండ్రిని పోగొట్టుకుని, మేనమామ ఊళ్లో పశువులు కాసి, అన్న కష్టం మీద చదువుకున్నవాడు. ఆ రోజే మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్. విరుదునగర్‌లో పుట్టి, ఆరేళ్లకే తండ్రి పోయి, బడి మానేసి మేనమామ బట్టల కొట్లో పనికి చేరినవాడు. సరిహద్దు అటు జరిగినా ఇటు జరిగినా, తండ్రి లేకుండా పెరిగిన ఒక పిల్లాడి పాలన నుంచి అలాంటి మరో పిల్లాడి పాలనలోకే మేం వెళ్లాం. కాకతాళీయమే. కానీ ఆ ఇద్దరూ అధికారం చేతికి వచ్చినప్పుడు చేసిన పనులు చూడండి. సంజీవయ్య దిక్కులేని ముసలివాళ్లకు పింఛను ఇప్పించాడు. కామరాజ్ బళ్లలో మధ్యాహ్నం అన్నం పెట్టించాడు. ఆ అన్నాన్ని 1982 జూలై 1న పౌష్టికాహార పథకంగా ఎంతో విస్తరించిన ఎం.జి.రామచంద్రన్ కూడా పసితనంలో తండ్రిని పోగొట్టుకుని, తిండి కోసం నాటకాల కంపెనీలో చేరినవాడే.

వీళ్లందరినీ చూపించి, తండ్రి లేకపోయినా ఫరవాలేదు, కష్టాల్లోనే మహానుభావులు పుడతారు అని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. మునిగినవాళ్ల జీవితచరిత్రలు ఎవరూ రాయరు. కామరాజ్‌తో పాటు బడి మానిన పిల్లలు విరుదునగర్‌లో ఎందరో ఉండి ఉంటారు. వాళ్లు కొట్లలోనే ముసలివాళ్లయ్యారు.

మునిగినవాళ్లనూ తేలినవాళ్లనూ కలిపి చూసిన పరిశోధనలు కొన్ని ఉన్నాయి. అమెరికాకు చెందిన హవాయి దీవుల్లో కవాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు దశాబ్దాలపాటు వెంబడించి చూశారు. దాదాపు మూడో వంతు పిల్లలు పేదరికం, ఇంట్లో తాగుడు, కలహం లాంటివి కలిసికట్టుగా మీదపడిన ఇళ్లలో పుట్టారు. వాళ్లలో కూడా మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో తరచుగా కనిపించిన సంగతుల్లో ఒకటి, ఇంట్లోనో బయటో పిల్లాణ్ణి నమ్ముకున్న పెద్దమనిషి ఒకరైనా ఉండటం. అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటివాళ్లు కావచ్చు. మిగతా రెండు వంతుల మందికి ఎదుగుతున్న వయసులో కష్టాలే ఎదురయ్యాయి. ఈ రెండో అంకెను మనం సభల్లో చెప్పం.

ఇంకొకటి అమెరికాలోనే, 2018లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం బయటపెట్టింది. నల్లజాతి మగపిల్లల బతుకులు ఎక్కడ బాగుపడుతున్నాయని వెతికితే, ఆ పేటలో నల్లజాతి తండ్రులు ఇళ్లలో ఉండే కుటుంబాలు ఎక్కువగా ఉన్నచోట అని తేలింది. ఆ పిల్లాడి సొంత తండ్రి ఇంట్లో లేకపోయినా సరే. నాకు ఇది చదివినప్పుడు మా వీధులే గుర్తొచ్చాయి. సాయంత్రం అరుగు మీద నలుగురు మగవాళ్లు తాగకుండా కూర్చుని ఉన్న వీధికీ, లేని వీధికీ తేడా బడిపంతులుకు తెలుసు. ఆ తేడా సోమవారం పొద్దున హాజరు పట్టీలో కనబడుతుంది.

మా పక్క నాన్నలు ఎక్కడికి పోయారు? పొదటూరుపేట, పళ్లిపట్టు, ఆర్.కె.పేట వైపు మగ్గాల ఊళ్లు. పవర్‌లూమ్ శబ్దంలో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన నాయన ఇంట్లో ఉన్నా మాట్లాడే ఓపిక ఉండదు. ముందే పుచ్చుకున్న అడ్వాన్సు తీరేదాకా ఆ మగ్గం వదలడానికి లేదు. ఇంకొందరు శ్రీపెరుంబుదూరు, ఒరగడం కంపెనీల బస్సు ఎక్కుతారు, షిఫ్టు రాత్రిదైతే పగలంతా నిద్ర. కొందరు బెంగళూరులో కట్టడం పనికి పోయి పొంగలికి వస్తారు. కొందరి జీతం సగం దారిలో టాస్మాక్ మద్యం దుకాణం దగ్గరే ఆగిపోతుంది. వీళ్లను నేను తిట్టడం లేదు, చివరివాళ్లను తప్ప. వాళ్లను కూడా, వాళ్ల భార్యలు నా ముందు కూర్చుని ఏడ్చినప్పుడే తిట్టాను. చాలామంది నాయనలు ఇంట్లో లేనిది ఇంటికోసమే.

ఆ సాయంత్రాలు మాత్రం ఖాళీగా ఉండవు. మగపిల్లాడు పదమూడో ఏట నుంచీ మగవాళ్లను వెతుక్కుంటాడు. ఎట్లా నడవాలి, ఎట్లా మాట్లాడాలి, ఎవరిమీద చెయ్యి ఎత్తాలి, ఎవరిమీద ఎత్తకూడదు, ఇవన్నీ ఎవరినో చూసి నేర్చుకోవలసిందే. సినిమా హీరో అభిమాన సంఘంలో అన్న ఉంటాడు. కుల సంఘంలో అన్న ఉంటాడు, బండి ఇస్తాడు, పెట్రోలు పోయిస్తాడు, ఫ్లెక్సీలో ఫోటో వేయిస్తాడు. ఆ ఫ్లెక్సీలో తన ముఖం చూసుకున్న పిల్లాడికి ఆ అన్న మాట వేదం. అదే వీధిలో మెకానిక్ షెడ్డు మేస్త్రి కూడా ఉంటాడు, పిల్లాడికి స్పానరు ఇచ్చి, తప్పు బిగిస్తే ఒక మాట అని, సాయంత్రం టీ తాగించి ఇంటికి పంపేవాడు. కబడ్డీ ఆడించే పీటీ సారు ఉంటాడు. ఎవరు ముందు చేరతారో, ఎవరు మర్నాడు కూడా అక్కడే ఉంటారో వాళ్లదే పిల్లాడు. బళ్లలో మేం ఈ పందెంలో తరచు ఓడిపోతాం, నాలుగున్నరకు బస్సు ఎక్కేస్తాం కాబట్టి.

మరి ఆడపిల్లలో అని మీరు అడగవచ్చు. తమ్ముడి ఫీజు కోసం అక్క కంపెనీ బస్సు ఎక్కిన ఇళ్లు నాకు తెలుసు. అది వేరే ప్రసంగం. కుదించి చెప్తే అన్యాయమవుతుంది.

డబ్బు సాయం ఇప్పుడు ఆ రోజుల కంటే ఎంతో మెరుగు, ఒప్పుకోవాలి. 2022 సెప్టెంబరులో తమిళనాడు బళ్లలో పొద్దున ఫలహారం కూడా మొదలైంది. ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి ప్లస్ టూ దాకా చదివి కాలేజీలో చేరిన మగపిల్లలకు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చే 'తమిళ్ పుదల్వన్' పథకం 2024 ఆగస్టు 9న వచ్చింది. ఆడపిల్లలకు అంతకు ముందే ఉంది. వెయ్యి రూపాయలంటే రైలు పాసు, బస్సు ఛార్జీ, మధ్యాహ్నం తిండి. ప్రకాశం గారి అమ్మ పట్టుచీర పెట్టెలోనే ఉండిపోయే డబ్బు అది.

కానీ ఆ డబ్బు పిల్లాడి దగ్గరికి కాగితాల మీదుగా రావాలి. ప్లస్ టూ ఫలితాలు మే నెలలో వస్తాయి. తర్వాత కొన్ని వారాలు ఇ-సేవై కేంద్రాల ముందు నిలబడి చూడండి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఇంట్లో మొదటి పట్టభద్రుడు కాబోతున్నాడని ఇంకో పత్రం, ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా. తండ్రితో వచ్చినవాడికి ఇదంతా ఒక పూట విసుగు. తండ్రి ఎక్కడున్నాడో తెలియనివాడికి ప్రతి దరఖాస్తులోనూ తండ్రి పేరు, తండ్రి వృత్తి, తండ్రి సంతకం అనే గళ్లు ఎదురవుతాయి. భర్త విడిచిపోయిన స్త్రీకి రెవెన్యూ శాఖ ఇచ్చే ధ్రువపత్రం ఒకటి ఉంది. అది ఉన్నట్టు చాలామంది తల్లులకు తెలియదు, తెలిసినా వీధిలో నలుగురు వింటుండగా అడగడానికి మొహమాటం. గ్రామాధికారి వి.ఏ.ఓ. దగ్గర, తాలూకాఫీసు దగ్గర రెండుసార్లు రేపు రమ్మనిపించుకున్నాక పదిహేడేళ్ల పిల్లాడికి రోషం వస్తుంది. మూడోసారి వెళ్లడు. అదే వారంలో ఒరగడం కంపెనీ ఏజెంటు ఆధార్ కార్డు ఒక్కటీ చాలంటాడు.

మా మిత్రులు కొందరు, రిటైరైన టీచర్లు, ఒక పోస్టుమాస్టరు, జూన్ నెలలో ఈ పని మీద తిరుగుతుంటారు. పిల్లాడి వెంట పోయి, బెంచీ మీద వాడి పక్కన కూర్చుంటారు. గుమాస్తా లోపలికి రమ్మంటే తామూ లేస్తారు. సంతకం గడి దగ్గర సంరక్షకుడు అన్న మాట ఎక్కడ రాయాలో చూపిస్తారు. వాళ్లలో సైకిలు తొక్కగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. తిరుత్తణి తాలూకాలో ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఎవరికైనా జూన్‌లో రెండు వారాల పొద్దుటి పూటలు ఖాళీగా ఉంటే, మీ ఊరి ఉన్నత పాఠశాల హెడ్‌మాస్టరు గారిని అడగండి. ప్లస్ టూ పాసై ఇంకా ఏ కాలేజీలోనూ చేరని మగపిల్లల పేర్లు ఆయన దగ్గర ఉంటాయి.